తిరగలి పాటలోనూ దైవనామమే.. గుల్బర్గా ఖ్వాజా బందేనవాజ్ జీవితం

తాండూరు: జిల్‌ఖద్ మాసం వచ్చిందంటే తాండూరు, కొడంగల్ ప్రాంతాల ప్రజల చూపు గుల్బర్గా వైపు మళ్లుతుంది. 1956కు ముందు ఈ రెండు తాలూకాలూ గుల్బర్గా జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనతో సరిహద్దు మారినా, 2014లో ఆ నగరం పేరు కలబురగిగా మారినా ఇక్కడి పల్లెల వారికి అది నేటికీ ఖ్వాజా ఊరే. మతభేదం లేకుండా మొక్కులు తీర్చుకుని, తబరుక్కు తెచ్చుకుని పంచిపెట్టే కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. అయితే ఆ దర్గాలో శాశ్వత నిద్రలో ఉన్న మహనీయుడు నూరేళ్ల జీవితంలో దేనిని సాధన చేశారో, దేనిని బోధించారో తెలిసినవారు తక్కువ. ఆయన సాధనకు ఆధారం ఒక్కటే. అది జిక్ర్, అంటే నిత్య దైవస్మరణ.

ఆయన అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుసేనీ. 1321లో ఢిల్లీలో జన్మించారు. మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ ప్రముఖులను దౌలతాబాద్‌కు తరలించినప్పుడు ఆయన కుటుంబం కూడా దక్కనుకు వచ్చింది. అప్పటికి ఆయన పసివాడు. తండ్రి సయ్యద్ యూసుఫ్ హుసేనీ అక్కడే కన్నుమూశారు. ఖుల్దాబాద్‌లో ఆయన సమాధి ఉంది. పదేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయిన బాలుడు కొన్నేళ్ల తరువాత తల్లితో కలిసి తిరిగి ఢిల్లీ చేరుకున్నాడు.

ఆనాడు ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా వారసుడిగా షేక్ నసీరుద్దీన్ చిరాగ్ చిష్తీ సంప్రదాయాన్ని నడుపుతున్నారు. పదిహేనేళ్ల వయసులో సయ్యద్ ముహమ్మద్ ఆయనకు శిష్యుడయ్యారు. జిక్ర్ రుచి తెలియగానే చదువు మానేసి పూర్తిగా ధ్యానంలోనే మునిగిపోవాలని కుర్రవాడు ఉబలాటపడ్డాడు. గురువు అందుకు ఒప్పుకోలేదు. శాస్త్రాలు పూర్తి చేయవలసిందేనని ఆజ్ఞాపించారు. చదువు ఒక చేత, స్మరణ ఒక చేత పట్టుకుని నడిచే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది.

గేసూదరాజ్, అంటే పొడవాటి కేశాలవాడు, అన్న పేరు వెనుక ఒక కథ ప్రచారంలో ఉంది. గురువు పల్లకీని మోస్తుండగా ఆయన జుట్టు పల్లకీలో చిక్కుకుందట. విడిపించుకుంటే గురువుకు కుదుపు కలుగుతుందని, నొప్పిని ఓర్చుకుంటూ అలాగే చాలా దూరం నడిచారట. కథ మాట ఎలా ఉన్నా, దానిని ఇన్ని శతాబ్దాలు చెప్పుకుంటూ వచ్చినవారికి ఆయన శిష్యరికం పట్ల ఉన్న గౌరవం అందులో కనిపిస్తుంది.

గురువు నేర్పినది ఇదీ..

సూఫీల జిక్ర్‌కు మూలం ఖుర్‌ఆన్‌లోనే ఉంది. దైవాన్ని స్మరించడం వల్లనే హృదయాలు నెమ్మదిస్తాయని రఅద్ సూరా 28వ వాక్యం బోధిస్తుంది. ఐదు పూటల నమాజుకు వేళలున్నాయి, ఉపవాసానికి నెల ఉంది, హజ్‌కు తేదీలున్నాయి. స్మరణకు మాత్రం గడియారం లేదు. నిలుచున్నా, కూర్చున్నా, పడుకున్నా చేయవచ్చు. చిష్తీ గురువులు దీనిని రెండు తీరుల్లో సాధన చేయించారు. గొంతెత్తి చేసేది జలీ, మనసులో చేసేది ఖఫీ. ఊపిరిని కనిపెట్టి ఉండే పాస్-ఎ-అన్‌ఫాస్ అన్న పద్ధతి కూడా ఉంది. శ్వాస విడిచేటప్పుడు అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడన్న వాక్యంలోని తొలి సగాన్ని, పీల్చేటప్పుడు మలి సగాన్ని మనసులో నిలుపుతారు. కొంతకాలానికి సంకల్పం లేకుండానే ఊపిరితో పాటు స్మరణ సాగుతుందన్నది సాధకుల అనుభవం. నామజపం ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా తోచదు. అయితే సూఫీలు దీనిని గురువు అనుమతితో, క్రమశిక్షణతో మాత్రమే చేయాలని పట్టుబట్టారు.

ఆ స్మరణ మనిషిని ఏ స్థితికి చేరుస్తుందో సయ్యద్ ముహమ్మద్‌కు తన గురువులోనే కనిపించింది. ఒకనాడు నసీరుద్దీన్ ధ్యానంలో ఉండగా ఒక ఖలందర్ లోపలికి చొరబడి కత్తితో పలుమార్లు పొడిచాడు. రక్తం బయటకు పారేదాకా శిష్యులకు సంగతి తెలియలేదని సూఫీ చరిత్రలు చెబుతాయి. పరుగున వచ్చిన శిష్యులు హంతకుడి మీద చేయి చేసుకోబోతే గురువు వారించి, అతడిని క్షేమంగా పంపివేశారు.

నసీరుద్దీన్ 1356లో పరమపదించారు. పెద్దల నుంచి తనకు సంక్రమించిన అంగీ, చేతికర్ర, తస్బీహ్ వంటి వస్తువులను తనతోనే ఖననం చేయించమన్నారు. వారసత్వ చిహ్నం ఎవరికీ దక్కలేదు. గురువు పార్థివ దేహానికి స్నానం చేయించిన సయ్యద్ ముహమ్మద్, ఆ నులక మంచం తాళ్లు విప్పి మెడలో వేసుకుని, తన వారసత్వం ఇదేనని తృప్తి పడ్డారట. తస్బీహ్ పూసలు మట్టిలో కలిసినా స్మరణ శిష్యుడి వద్ద మిగిలింది.

ఎనభై ఏళ్ల వయసులో ప్రయాణం

తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన ఢిల్లీలోనే బోధన సాగించారు. 1398లో తైమూర్ దండెత్తి రావడంతో నగరం అతలాకుతలమైంది. అప్పటికి ఆయన వయసు ఎనభైకి చేరువలో ఉంది. ఆ వయసులో ఇల్లు వదిలి కుటుంబంతో గ్వాలియర్, గుజరాత్ మీదుగా దక్కనుకు బయలుదేరారు. ఖుల్దాబాద్‌లో తండ్రి సమాధిని దర్శించి, ఆపై బహమనీ రాజధాని గుల్బర్గా చేరుకున్నారు. ఢిల్లీలోనూ, దారిలోనూ ఆయన చేసిన సంభాషణలను పెద్ద కుమారుడు సయ్యద్ అక్బర్ హుసేనీ జవామిఉల్ కలిమ్ పేరుతో గ్రంథస్థం చేశారు. ఆ కుమారుడు తండ్రి కళ్ల ముందే మరణించాడు. ఎనభైలు దాటిన తండ్రి ఆ దుఃఖంలోనూ నిత్యకృత్యాన్ని విడిచిపెట్టలేదు.

సుల్తాను ఫిరోజ్ షా బహమనీ స్వయంగా ఎదురేగి స్వాగతం పలికాడు. ఫిరోజ్ స్వయంగా పండితుడు, ఖగోళ గణితాల మీద మక్కువ గలవాడు. ఖ్వాజాకు శాస్త్ర పాండిత్యం చాలదని అభిప్రాయపడి క్రమంగా దూరం జరిగాడని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. సుల్తాను తమ్ముడు అహ్మద్ ఖాన్ మాత్రం ఖాన్‌ఖాకు నిత్యం వచ్చి కూర్చునేవాడు. ఫిరోజ్ తన కుమారుడికి సింహాసనం దక్కేలా ఆశీర్వదించమని కోరితే ఖ్వాజా అంగీకరించలేదు. ఖాన్‌ఖా కోట పక్కనే ఉంది. అక్కడ చేరే జనం, వారి సందడి కోటకు ఇబ్బందిగా ఉందంటూ ఖాళీ చేయమని కబురు వచ్చింది. ఆయన వాదానికి దిగకుండా ఊరి అవతలికి, నేడు దర్గా ఉన్న చోటికి తరలిపోయారు. రాజు మాటను మన్నించారు గాని స్మరణను తగ్గించలేదు, జనాన్ని పొమ్మనలేదు. ఇదంతా జరుగుతున్న ఆ ఏళ్లలోనే ఫిరోజ్ సేనలు పానగల్లు వద్ద విజయనగర సైన్యం చేతిలో పరాజయం పాలయ్యాయి. 1422లో అహ్మద్ సుల్తాను అయ్యాడు. కొద్ది వారాలకే, అదే ఏడాది నవంబరు 1న, నూరేళ్లు దాటిన ఖ్వాజా కన్నుమూశారు. సమాధి మీద గుమ్మటాన్ని అహ్మద్ షా కట్టించాడు.

శిష్యుడు తెల్లవారింది మొదలు నిద్రపోయే దాకా ఎలా మెలగాలో వివరిస్తూ ఆయన రాసిన ఖాతిమా ప్రసిద్ధి చెందింది. ఫారసీలో ఉన్న ఈ గ్రంథం సాధకుల కోసం. మరి ఖాన్‌ఖాకు రాలేని ఇల్లాళ్ల మాటేమిటి? ఈ ప్రశ్నకు జవాబు దక్కనీ భాషలోని చక్కీనామాల్లో దొరుకుతుంది. ఇవి తిరగలి పాటలు. తెల్లవారుజామున జొన్నలు విసురుతూ పాడుకునేందుకు సూఫీలు కట్టినవి. నిటారుగా నిలిచిన పిడిని అరబ్బీ తొలి అక్షరమైన అలిఫ్‌తో, దాని ద్వారా అల్లాహ్ నామంతో పోల్చారు. నడుమ ఇరుసును ప్రవక్తతో పోల్చారు. రాయి తిరిగినంతసేపు పాటా తిరుగుతుంది, పాటతో పాటు స్మరణా సాగుతుంది. బీజాపూరు సూఫీల మీద 1978లో గ్రంథం వెలువరించిన రిచర్డ్ ఈటన్, దక్కను పల్లెల్లో ఇస్లాం భావాలు వంటింటి దాకా చేరడానికి ఈ పాటలే తోడ్పడ్డాయని వివరించారు.

ఒక చక్కీనామా ఖ్వాజా బందేనవాజ్ పేరిటే చెలామణిలో ఉంది. అది ఆయనదేనని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవు. దక్కనీలో తొలి వచన గ్రంథంగా చాలాకాలం ఆయన పేరిట చదువుకున్న మేరాజుల్ ఆషిఖీన్ కూడా తరువాతి వారి రచనేనని పరిశోధకులు తేల్చారు. భక్తులకు ఇది రుచించకపోవచ్చు. అయినా తిరగలి పాటకు ఆయన పేరే తగిలించాలని జనానికి తోచడం గమనించదగిన సంగతి.

తిరగలికీ, స్మరణకూ సంబంధం అంతకన్నా పాతది. ప్రవక్త కుమార్తె ఫాతిమా తిరగలి తిప్పి తిప్పి చేతులు కాయలు కాచాయని, పనికి ఒక మనిషిని ఇప్పించమని తండ్రిని అడగడానికి వెళ్లినట్టు హదీసులు చెబుతాయి. ఆయన ఆ రాత్రి వారింటికి వచ్చి, పడుకునే ముందు దైవ పవిత్రతను 33 సార్లు, కృతజ్ఞతను 33 సార్లు, ఘనతను 34 సార్లు స్మరించుకోవాలని, అది పనిమనిషి కన్నా మేలని నేర్పారు. పని తగ్గలేదు, చేతులు మారలేదు. అయినా ఆమె దానిని కానుకగా స్వీకరించారు. ముస్లిం ఇళ్లలో నేటికీ ఫాతిమా తస్బీహ్ అన్న పేరుతో ఆ లెక్కే నడుస్తోంది.

మన ఊళ్లలో విసుర్రాళ్లు అటకెక్కి చాలా కాలమైంది. పిండి గిర్నీ చప్పుడులో పాట వినబడదు. కానీ తాండూరు స్టేషనులో గుల్బర్గా వైపు వెళ్లే రైలు కోసం ఎదురుచూసే పెద్దవయసు తల్లుల వేళ్ల మధ్య పూసలు కదులుతూనే ఉంటాయి. పెదవులు మాత్రం కదలవు. ఏటా జిల్‌ఖద్ 15న గంధం, 16న దీపాలతో మూడు రోజుల పాటు ఉర్సు జరుగుతుంది. చాంద్రమానం ప్రకారం రావడం వల్ల ఏడాదికేడాది పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. వెళ్లదలచినవారు నెలవంక లెక్క చూసుకుని బయలుదేరడం మంచిది.