బోస్టన్ అద్దెగదిలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారు

స్వర్ణోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాసిమ్మని పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగారు. నేను ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకున్నాను. ఆయన కనిపెట్టిన మందుల గురించి చాలామంది రాశారు. ఆయన ఒంటరిగా బతికిన తీరు గురించి రాయాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

మనలో చాలామందిమి వత్సవాయి, పెనుగంచిప్రోలు, ముక్త్యాల వైపు నుంచి వచ్చి జగ్గయ్యపేటలో గది అద్దెకు తీసుకొని చదివినవాళ్లమే. నాపరాళ్ల గచ్చు, నులక మంచం, కిరోసిన్ స్టౌ, పొద్దున్నే బస్సులో ఊరినుంచి వచ్చే క్యారేజీ. క్యారేజీ రాని రోజున మాడిన అన్నమే గతి. తరువాత నందిగామకో విజయవాడకో వెళ్లినా గది తీరు అదే, ఇంటివాళ్లు మారేవారు అంతే. మొదటి నెలలో రాత్రిళ్లు ఎంత పొడుగ్గా ఉంటాయో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే మనకు శనివారం సాయంత్రం ఊరి బస్సు ఉండేది. సుబ్బారావు గారికి ఆ బస్సు లేదు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. పదమూడో ఏట ఇల్లు వదిలి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకొని డబ్బు సంపాదిద్దామని బయల్దేరితే తల్లి వెంకమ్మ గారు వెనక్కు తెప్పించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. 1921లో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెబుతూనే ఆయన చూపు అమెరికా మీద పడింది. మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారు చేస్తామన్న సాయం, ఈ రెండింటి ధైర్యంతో ముప్పై నిండకముందే ఓడ ఎక్కారు.

బోస్టన్‌లో దిగింది అక్టోబరు నెల చివర. భీమవరం మనిషికి మంచు ఎలా తెలుస్తుంది? హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకు చేరారు గాని, చేతిలో ఉన్న పట్టాకు అక్కడ డాక్టరు కొలువు దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పళ్లేలు తీసి కడగడం ఆ పనిలో భాగం. మన ఊళ్లలో డాక్టరుగా మర్యాదలు అందుకోవలసిన మనిషి రాత్రి ఆ పని చేసి, పగలు ప్రయోగశాలలో నిలబడేవారు. నిద్రకు తప్ప ఆ గదితో ఆయనకు పెద్దగా పని ఉండి ఉండదు. ఒంటరితనానికి ఆయన కనుక్కున్న ఉపాయం ఇదేనని నాకనిపిస్తుంది. గదిని ఇల్లు చేసుకోవాలని చూడలేదు, ప్రయోగశాలనే ఇల్లు చేసుకున్నారు.

ఫలితం త్వరగానే కనిపించింది. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మన బడి పిల్లలు జీవశాస్త్రంలో బట్టీపట్టే ఏటీపీ అదే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ మాత్రం ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

ఈ ఏళ్లలో ఇంటి దగ్గర జరిగింది మనం తొందరగా దాటేస్తాం. ఆయన ఓడ ఎక్కాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ పిల్లవాడి ముఖం చూడనే లేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు. అద్దెగదిలో ఒంటరిగా ఉన్నది ఆయన ఒక్కరే అన్నట్టు రాసే వ్యాసాలు నాకు నచ్చవు. ఆయనకు పనైనా ఉంది. ఆమెకు ఎదురుచూడడం తప్ప ఏముంది?

ఎందుకు తిరిగి రాలేదని పిల్లలు అడుగుతుంటారు. ఒక్క మాటలో తేలేది కాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం చెల్లదని తీర్పిచ్చింది. 1924 చట్టం మనవాళ్ల రాకకు తలుపులు దాదాపు మూసేసింది. ఒకసారి ఊరికి వస్తే మళ్లీ ప్రయోగశాల గుమ్మం తొక్కనిస్తారన్న భరోసా లేదు. అది ఒక్కటే కారణమని నేననను. పని కూడా ఆయన్ని వదల్లేదు.

1940లో లెడర్లే సంస్థకు మారి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అదే మందైంది. ఇరవై నాలుగేళ్లు ఆలస్యంగా! 1947లో బోదకాలుకు డైఇథైల్‌కార్బమజైన్ వచ్చింది. మన జిల్లాలో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర అదే. వాళ్లు తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం ఇవ్వగలిగారు. ఆరియోమైసిన్ కూడా ఆయన విభాగం నుంచే వచ్చింది.

1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకుంది. అయినా ఆయన చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లోని తన అపార్టుమెంటులో, నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53. ఆ రాత్రి కూడా గదిలో మరో మనిషి లేరు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. మన సైన్సు గదిలో ఎప్పుడైనా ఆయన పటం పెడితే, పక్కన శేషగిరి గారి పేరు కూడా రాయించమని సంఘం వారిని కోరుతున్నాను.