హెర్బర్ట్ చాప్‌మన్: ఆర్సెనల్ వైభవానికి పునాది వేసిన గని కార్మికుని కుమారుడు

లండన్ భూగర్భ రైలు మార్గంలో పికడిల్లీ లైన్‌పై ఆర్సెనల్ అనే స్టేషన్ ఒకటి ఉంది. 1932 అక్టోబరు 31కి ముందు దాని పేరు గిలెస్పీ రోడ్. ఒక ఫుట్‌బాల్ క్లబ్ పేరును స్టేషన్‌కు పెట్టాలంటే టికెట్లు, పటాలు, సూచిక ఫలకాలు అన్నీ మార్చవలసి ఉండేది. అయినా పట్టు విడవకుండా రైలు సంస్థను ఒప్పించిన వ్యక్తి ఆ క్లబ్ యజమాని కాదు, అందులో ఆడిన క్రీడాకారుడూ కాదు. జీతానికి పనిచేసిన మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని చాలా క్లబ్బుల్లో జట్టు ఎంపిక డైరెక్టర్ల చేతిలో ఉండేది. ఉత్తరప్రత్యుత్తరాలు నడపడం, లెక్కలు చూడడం, ప్రయాణాలు ఏర్పాటు చేయడం మేనేజర్ వంతు. ఆ ఉద్యోగానికి నేడు మనం చూస్తున్న అధికారాన్నీ బాధ్యతనూ సంపాదించిపెట్టిన వారిలో చాప్‌మన్ అగ్రగణ్యులు. ఆయన తీర్చిదిద్దిన రెండు క్లబ్బులు, హడర్స్‌ఫీల్డ్ టౌన్, ఆర్సెనల్, వరుసగా మూడేసి సార్లు లీగ్ విజేతలుగా నిలిచాయి. ఆ రెండు సందర్భాల్లోనూ మూడో విజయం నాటికి ఆయన అక్కడ లేరు. హడర్స్‌ఫీల్డ్‌ను అప్పటికే విడిచి వెళ్లారు. ఆర్సెనల్ మూడో విజయం నాటికి ఆయన జీవించి లేరు.

గనుల ఊరిలో బాల్యం

చాప్‌మన్ 1878 జనవరి 19న దక్షిణ యార్క్‌షైర్‌లోని కివెటన్ పార్క్ అనే బొగ్గుగనుల ఊరిలో జన్మించారు. తండ్రి గని కార్మికుడు. పెద్ద కుటుంబం. తండ్రిలా జీవితమంతా గనిలో గడపకుండా హెర్బర్ట్ షెఫీల్డ్ టెక్నికల్ కళాశాలలో గనుల ఇంజినీరింగ్ చదివారు. ఆటను వదలకపోయినా, చేతిలో మరో వృత్తి ఉండాలన్న జాగ్రత్త ఆయనకు మొదటినుంచీ ఉండేది.

ఆటగాడిగా ఆయన సామాన్యుడు. తమ్ముడు హ్యారీ షెఫీల్డ్ వెన్స్‌డే తరఫున లీగ్, కప్ పతకాలు గెలుచుకోగా, హెర్బర్ట్ చిన్నాపెద్దా క్లబ్బులు మారుతూ వచ్చారు. టాటెన్‌హామ్ హాట్‌స్పర్‌లో ఉండగా పసుపుపచ్చని బూట్లు ధరించి అందరి దృష్టిలో పడ్డారు. 1907లో నార్తాంప్టన్ టౌన్ మేనేజర్ పదవి ఆయన సహచరుడు వాల్టర్ బుల్‌కు వచ్చింది. బుల్ మనసు మార్చుకుని చాప్‌మన్ పేరు సూచించారు. అలా ఆయన అసలు జీవితం అనుకోకుండా మొదలైంది.

నార్తాంప్టన్ అప్పటికి రెండేళ్లుగా సదరన్ లీగ్‌లో అట్టడుగున ఉంది. రెండు సీజన్లు తిరిగేసరికి, 1909లో, అదే జట్టు ఆ లీగ్ విజేత అయింది. నల్లజాతి క్రీడాకారులు అవహేళనకు గురవుతున్న ఆ రోజుల్లో, బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి కుమారుడు వాల్టర్ టల్‌ను 1911లో ఆయన జట్టులోకి తీసుకున్నారు. టల్ తరువాత బ్రిటిష్ సైన్యంలో అధికారి అయి, 1918లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో ప్రాణాలర్పించారు.

నిషేధపు నీడ

1912లో చాప్‌మన్ లీడ్స్ సిటీ బాధ్యతలు చేపట్టారు. రెండో డివిజన్‌లో అడుగున పడి ఉన్న ఆ క్లబ్‌ను 1914 నాటికి నాలుగో స్థానానికి తెచ్చారు. అంతలో ప్రపంచ యుద్ధం వచ్చింది. లీగ్ పోటీలు ఆగిపోయాయి. 1916లో ఆయన లీడ్స్ సమీపాన బార్న్‌బోలోని ఫిరంగి గుండ్ల కర్మాగారంలో నిర్వహణ ఉద్యోగానికి వెళ్లారు.

యుద్ధకాలంలో అతిథులుగా ఆడిన క్రీడాకారులకు లీడ్స్ సిటీ నిబంధనలకు విరుద్ధంగా డబ్బు చెల్లించిందన్న ఆరోపణ 1919లో బయటికి వచ్చింది. ఖాతా పుస్తకాలు చూపాలని విచారణ సంఘం కోరితే క్లబ్ నిరాకరించింది. ఫలితంగా లీడ్స్ సిటీని లీగ్ నుంచి బహిష్కరించారు. ఒక హోటల్‌లో దాని ఆటగాళ్లను వేలం వేశారు. చాప్‌మన్‌తో సహా క్లబ్ బాధ్యులపై నిషేధం పడింది. నలభై ఒక్క ఏళ్ల వయసులో ఆయన ఫుట్‌బాల్‌కు దూరమై, సెల్బీ పట్టణంలోని ఒక పరిశ్రమలో ఉద్యోగంతో కాలం గడపవలసి వచ్చింది. తరువాత ఆ ఉద్యోగమూ పోయింది.

ఆ చెల్లింపులు జరిగిన కాలంలో తాను క్లబ్ కార్యాలయంలో కాక కర్మాగారంలో పనిచేస్తున్నానన్నది ఆయన అప్పీలులోని వాదన. ఆయనను చేర్చుకోవాలనుకున్న హడర్స్‌ఫీల్డ్ టౌన్ ఆ అప్పీలుకు అండగా నిలిచింది. నిషేధం తొలగింది. ఖాతా పుస్తకాలు విచారణ సంఘం ముందుకు రాకపోవడంతో, ఎవరి పాత్ర ఎంత అనేది పూర్తిగా తేలనేలేదు. సహాయకుడిగా చేరిన చాప్‌మన్ 1921 మార్చిలో హడర్స్‌ఫీల్డ్ మేనేజర్ అయ్యారు.

హడర్స్‌ఫీల్డ్ అద్భుతం

హడర్స్‌ఫీల్డ్ ఉన్ని మిల్లుల పట్టణం. అక్కడి ప్రజలకు రగ్బీ ప్రాణం. 1919లో ఆర్థిక ఇబ్బందుల వల్ల ఫుట్‌బాల్ క్లబ్‌ను లీడ్స్ నగరానికి తరలించే ప్రయత్నం కూడా జరిగింది. అటువంటి చోట చాప్‌మన్ అనుభవజ్ఞుడైన క్లెమ్ స్టీఫెన్‌సన్‌ను ఆస్టన్ విల్లా నుంచి తెచ్చి, ఆయన చుట్టూ యువ జట్టును నిర్మించారు. ప్రధాన జట్టు ఏ పద్ధతిలో ఆడుతుందో రిజర్వు జట్టు కూడా అదే పద్ధతిలో ఆడాలన్నది ఆయన నియమం. ఒకరు గాయపడితే మరొకరు వచ్చి ఆ స్థానంలో ఇమిడిపోవాలి.

1922లో ఎఫ్‌ఏ కప్ వచ్చింది. 1924లో లీగ్ విజయం లెక్కల అంచున దక్కింది. హడర్స్‌ఫీల్డ్, కార్డిఫ్ సిటీ చెరి 57 పాయింట్లతో సమానంగా నిలిచాయి. చేసిన గోళ్లను ఇచ్చిన గోళ్లతో భాగించే నాటి పద్ధతిలో హడర్స్‌ఫీల్డ్ సగటు 0.024 ఎక్కువ. ఆఖరి మ్యాచ్‌లో కార్డిఫ్ ఒక పెనాల్టీని జారవిడవకుంటే చరిత్ర మరోలా ఉండేది. మరుసటి ఏడాది అంత ఉత్కంఠ అవసరం పడలేదు. సీజన్ మొత్తంలో ఏ మ్యాచ్‌లోనూ రెండుకు మించి గోళ్లు ఇవ్వకుండా హడర్స్‌ఫీల్డ్ మళ్లీ విజేత అయింది.

హైబరీకి పయనం

1886లో వుల్విచ్‌లోని ఆయుధ కర్మాగారం కార్మికులు స్థాపించిన క్లబ్ ఆర్సెనల్. 1913లో అది ఉత్తర లండన్‌లోని హైబరీకి మారింది. 1925 నాటికి ఒక్క పెద్ద ట్రోఫీ కూడా గెలవలేదు. ఆ ఏడాది 22 జట్లలో 20వ స్థానంలో నిలిచి, దిగువ డివిజన్‌కు పడిపోకుండా బయటపడింది. ఆటగాళ్ల కొనుగోలుకు భారీగా వెచ్చించి జట్టు కట్టాలనుకునే వారు దరఖాస్తు చేయనవసరం లేదంటూ ఛైర్మన్ సర్ హెన్రీ నోరిస్ మేనేజర్ పదవికి పత్రికా ప్రకటన ఇచ్చారు. ఏడాదికి 2,000 పౌండ్ల జీతంతో చాప్‌మన్ వచ్చారు. ఆ ప్రకటనలోని షరతు మాత్రం ఎంతోకాలం నిలవలేదు.

ఆయన వచ్చిన వేసవిలోనే ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతవరకు బంతి అందుకునే దాడి ఆటగాడికీ గోల్ రేఖకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఇకపై ఇద్దరుంటే చాలు. మొదటి డివిజన్‌లో అంతకుముందు సీజన్‌లో 1,192 గోళ్లు నమోదు కాగా, కొత్త సీజన్‌లో ఆ సంఖ్య 1,703కు పెరిగింది. 1925 అక్టోబరు 3న న్యూకాజిల్ చేతిలో ఆర్సెనల్ 7-0తో చిత్తయింది.

మధ్య వరుసలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కు లాగి, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమ కాపలా పెట్టాలని సీనియర్ ఆటగాడు చార్లీ బుకన్ పట్టుబట్టారు. అప్పుడు మధ్యలో ఏర్పడే ఖాళీని పూరించడానికి ఒక ఫార్వర్డ్ కిందికి రావాలి. చాప్‌మన్ ఆ సూచనను అంగీకరించారు. రెండు రోజుల తరువాత వెస్ట్‌హామ్‌పై ఆర్సెనల్ 4-0తో గెలిచింది. క్రమంగా పదును దేరిన ఆ అమరిక, కాగితంపై గీస్తే కనిపించే ఆంగ్ల అక్షరాల ఆకారాన్ని బట్టి డబ్ల్యూ-ఎం పేరుతో ప్రసిద్ధి పొంది, దశాబ్దాల పాటు అనేక దేశాల్లో అమలైంది. మ్యాచ్‌కు ముందు మైదానం నమూనా చెక్కిన బల్ల చుట్టూ ఆటగాళ్లను కూర్చోబెట్టి, వారి అభిప్రాయాలు విని, చర్చించి వ్యూహం ఖరారు చేయడం ఆయన అలవాటు.

డబ్బు, పట్టుదల, కాఠిన్యం

విజయం వెంటనే రాలేదు. 1927లో ఆర్సెనల్ తొలిసారి ఎఫ్‌ఏ కప్ ఫైనల్ చేరినా, గోల్‌కీపర్ చేతుల్లోంచి జారిన బంతితో కార్డిఫ్‌కు కప్‌ను అప్పగించింది. క్లబ్ నిధుల వినియోగంలో అక్రమాలు బయటపడటంతో నోరిస్ ఫుట్‌బాల్ నుంచి నిష్క్రమించవలసి వచ్చింది. ఆ తరువాత చాప్‌మన్ మాటకు హైబరీలో ఎదురు లేకపోయింది.

1928లో బోల్టన్ నుంచి డేవిడ్ జాక్‌ను 10,890 పౌండ్లకు కొన్నారు. ఒక ఆటగాడి బదిలీ ధర 10,000 పౌండ్లు దాటడం అదే మొదలు. మరుసటి ఏడాది ప్రెస్టన్ నుంచి అలెక్స్ జేమ్స్‌నూ, ఎక్సెటర్ నుంచి పదిహేడేళ్ల క్లిఫ్ బాస్టిన్‌నూ తెచ్చారు. క్లబ్బులు చేతులు మార్చుకునే మొత్తాలు ఇలా వేలల్లో ఉండగా, ఆటగాడికి చెల్లించగల గరిష్ఠ వేతనం వారానికి 8 పౌండ్లే. ఎవరి ఆటకు అంత ధర పలికిందో ఆ ఆటగాడి జేబులోకి అందులో చేరేది స్వల్పం.

1930 ఏప్రిల్ 26న వెంబ్లీలో జరిగిన కప్ ఫైనల్‌లో ఆర్సెనల్ ప్రత్యర్థి హడర్స్‌ఫీల్డ్. ఇరుజట్లనూ తీర్చిదిద్దిన వ్యక్తి గౌరవార్థం ఆటగాళ్లు పక్కపక్కన నడుస్తూ మైదానంలోకి వచ్చారు. నేటికీ ఆ సంప్రదాయం కొనసాగుతోంది. ఆట సాగుతుండగా జర్మనీ విమాననౌక గ్రాఫ్ జెప్పెలిన్ స్టేడియం మీదుగా సాగిపోయింది. ఆర్సెనల్ 2-0తో గెలిచి తొలి పెద్ద ట్రోఫీని అందుకుంది. మరుసటి సీజన్‌లో 42 మ్యాచ్‌లలో 127 గోళ్లు, 66 పాయింట్లు సాధించి లీగ్ గెలిచిన తొలి లండన్ క్లబ్ అయింది. 1933లో మళ్లీ లీగ్ గెలిచింది.

ఆ వెలుగుల మధ్య ఒక చేదు ఘట్టమూ ఉంది. 1933 జనవరిలో ఎఫ్‌ఏ కప్‌లో మూడో డివిజన్ జట్టు వాల్సాల్ చేతిలో ఆర్సెనల్ 2-0తో ఓడింది. జ్వరాలు, గాయాల వల్ల కొందరు ప్రముఖులు ఆడలేకపోగా, రిజర్వు ఆటగాళ్లను దింపిన నిర్ణయం చాప్‌మన్‌దే. అయినా పెనాల్టీకి కారకుడైన యువ ఆటగాడు టామీ బ్లాక్‌ను రోజుల వ్యవధిలో ప్లిమత్‌కు పంపించివేశారు. ఆటగాళ్ల సంక్షేమం పట్టించుకునే మేనేజర్‌గా పేరు పొందిన వ్యక్తిలో అంతటి కాఠిన్యమూ ఉండేది.

మైదానం దాటిన ఆలోచన

ఆట చూడడానికి వచ్చే ప్రేక్షకుడి గురించి కూడా చాప్‌మన్ ఆలోచించారు. 1928 ఆగస్టు 25న ఆర్సెనల్ ఆటగాళ్లు వీపున అంకెలతో ఆడారు. అధికారులు సమ్మతించలేదు. 1939లో ఫుట్‌బాల్ లీగ్ అంకెలను తప్పనిసరి చేసింది. విదేశంలో రాత్రివేళ దీపాల వెలుగులో ఆట చూసి వచ్చి హైబరీలో ఫ్లడ్‌లైట్లు పెట్టించారు. అధికారిక మ్యాచ్‌లకు వాటిని వాడరాదని ఫుట్‌బాల్ సంఘం నిషేధించింది. లీగ్ మ్యాచ్ దీపాల వెలుగులో జరగడానికి 1956 దాకా వేచి చూడవలసి వచ్చింది. ఎర్ర చొక్కాకు తెల్లని చేతులు జోడించి 1933 మార్చిలో ఆయన రూపొందించిన దుస్తులే నేటికీ ఆర్సెనల్ గుర్తు.

విదేశీ ఆటగాళ్లను తీసుకురావాలన్న ఆయన ప్రయత్నానికీ ఆటంకాలు ఎదురయ్యాయి. ఆస్ట్రియా గోల్‌కీపర్ రూడీ హైడెన్‌ను 1930లో పిలిపిస్తే, బ్రిటన్‌లో అడుగుపెట్టడానికి అధికారులు అనుమతించలేదు. నాడు తిరస్కరణకు గురైన ఈ ఆలోచనలలో ఒక్కటీ నేటి ప్రేక్షకుడికి వింతగా తోచదు.

చివరి వారం

1934 కొత్త సంవత్సరం నాడు చాప్‌మన్ బరీ పట్టణంలో ఒక మ్యాచ్ చూశారు. అక్కడినుంచి రాబోయే ప్రత్యర్థి షెఫీల్డ్ వెన్స్‌డే ఆటను పరిశీలించడానికి వెళ్లారు. జలుబుతో లండన్ తిరిగివచ్చారు. విశ్రాంతి తీసుకోవాలన్న వైద్యుని సలహాను పక్కనపెట్టి, మూడో జట్టు కుర్రాళ్ల ఆట చూడడానికి చలిలో గిల్డ్‌ఫర్డ్ వెళ్లారు. జలుబు న్యుమోనియాగా మారింది. ఆ వ్యాధికి యాంటీబయాటిక్ మందులు ఇంకా రాని కాలమది. జనవరి 6 తెల్లవారుజామున హెండన్‌లోని స్వగృహంలో ఆయన కన్నుమూశారు. యాభై ఆరో పుట్టినరోజుకు ఇంకా పదమూడు రోజులుంది.

అదే రోజు మధ్యాహ్నం హైబరీలో షెఫీల్డ్ వెన్స్‌డేతో మ్యాచ్ యథావిధిగా జరిగింది. వీధుల్లోని పత్రికల పోస్టర్లు చూసి వార్త తెలుసుకున్న ఆటగాళ్లు ఆ స్థితిలోనే మైదానంలోకి దిగారు. మ్యాచ్ 1-1తో డ్రా అయింది.

ఆయన లేని విజయాలు

జో షా ఆ సీజన్‌ను నడిపించి లీగ్ టైటిల్ నిలబెట్టారు. తరువాత జార్జ్ ఆలిసన్ సారథ్యంలో 1935లో వరుసగా మూడోసారి ఆర్సెనల్ విజేత అయింది. చాప్‌మన్ మరణించిన పది నెలలకు, 1934 నవంబరు 14న హైబరీలో ప్రపంచ విజేత ఇటలీని 3-2తో ఓడించిన ఇంగ్లండ్ జట్టులో ఏడుగురు ఆర్సెనల్ ఆటగాళ్లే. ఆయన చేతికింద శిక్షకుడిగా ఎదిగిన టామ్ విటేకర్ 1947లో మేనేజర్ అయి మరో రెండు లీగ్ టైటిళ్లు తెచ్చారు.

శిల్పి జేకబ్ ఎప్‌స్టీన్ మలచిన చాప్‌మన్ ప్రతిమ హైబరీ ప్రవేశమందిరంలో దశాబ్దాలపాటు నిలిచింది. 2006లో క్లబ్ కొత్త స్టేడియానికి తరలింది. అక్కడ 2011లో ఆయన నిలువెత్తు విగ్రహం వెలసింది. చేతులు వెనక్కు కట్టుకుని, తాను చూడని స్టేడియం వైపు చూస్తున్నట్లుగా దాన్ని నిలిపారు.