ఫీజు లేని బడికి పాతికేళ్లు

గణితాన్ని ప్రేమించే తెలుగువారందరి పక్షాన ఎం.ఐ.టీ. ఓపెన్ కోర్స్‌వేర్‌కు రజతోత్సవ శుభాభినందనలు! మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఈ పేరుతో తన పాఠాలను లోకమంతటికీ ఉచితంగా పంచిపెడుతుందని నాటి అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ ప్రకటించింది 2001 ఏప్రిల్ 4న. ఇంటర్నెట్‌లో చదువును ఎంతకు అమ్మవచ్చునా అని చాలామంది లెక్కలు కట్టుకుంటున్న రోజులవి. అలాంటప్పుడు ఫీజు వద్దు, ప్రవేశ పరీక్ష వద్దు, హాజరు పట్టీ వద్దు, రండి చదువుకోండి అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

అన్న మాట నిలిచింది. 2002లో 50 కోర్సులతో తొలి అడుగు పడింది. ఏడాది తిరిగేసరికి 500 అయ్యాయి. 2007 చివరికి 1,800కు చేరి, నేడు 2,500 దాటి విస్తరిల్లాయి. నెట్ సరిగా అందని ఆఫ్రికా విశ్వవిద్యాలయాలకైతే పాఠాలను హార్డ్ డిస్కుల్లో నింపి మరీ పంపారు.

ఇన్ని శాస్త్రాల నడుమ గణితానికి దక్కిన వైభవం ప్రత్యేకం. ప్రయోగశాలను వీడియోలో చూస్తే సగమే చూసినట్టు. గణితం అలా కాదు, బోర్డు మీద రాస్తున్నదే అసలు పని. సుద్దముక్కను మించిన బోధన సాధనం ఇంకా పుట్టలేదని ఈ వ్యాసకర్త మొండి నమ్మకం. దానికి సాక్ష్యం గిల్బర్ట్ స్ట్రాంగ్ లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు. ఓపెన్ కోర్స్‌వేర్ ఇంకా పుట్టకముందే, 1999లో చిత్రీకరించిన పాఠాలవి. మొదటి రోజు ఆయన బోర్డు మీద రాసేది రెండే సమీకరణాలు: 2ఎక్స్ – వై = 0, –ఎక్స్ + 2వై = 3. మన ఇంటర్ పిల్లలైతే ఎక్స్ 1, వై 2 అని అర నిమిషంలో తేల్చేసి పెన్ను మూసేస్తారు. స్ట్రాంగ్‌కు ఆ తొందర లేదు. ముందు రెండు సరళరేఖలు గీసి, అవి ఖండించుకునే బిందువు చూపిస్తారు. తర్వాత అవే అంకెలను నిలువుగా చదువుతారు. (2, –1) అనే బాణాన్ని ఒకసారి, దాని కొస నుంచి (–1, 2) అనే బాణాన్ని రెండుసార్లు వేస్తే సరిగ్గా (0, 3) దగ్గర తేలతాం. మరి ఈ రెండు బాణాలతో తలంలో ఎక్కడికైనా వెళ్లగలమా అని అడుగుతారు. జవాబు అప్పటికే కళ్లకు కట్టి ఉంటుంది. 61 ఏళ్ల అధ్యాపకత్వం తర్వాత, 88 ఏళ్ల వయసులో, 2023 మే 15న ఆయన ఈ కోర్సులో చివరి పాఠం చెప్పారు. విద్యార్థులు లేచి నిలబడి కొట్టిన చప్పట్లలో, తెర మీద మాత్రమే ఆయన్ని ఎరిగిన శిష్యకోటి చప్పట్లూ కలిశాయనుకుందాం.

స్ట్రాంగ్ ఒక్కరేనా? అవకలన సమీకరణాలకు ఆర్థర్ మాటక్, బహుచర కలనానికి డెనిస్ ఓరూ పాఠాలు ఉన్నాయి. 1970లో హెర్బర్ట్ గ్రాస్ చెప్పిన నలుపు తెలుపు కలనగణిత పాఠాలు సైతం ఓపెన్ కోర్స్‌వేర్ చలువ వల్లే కొత్త తరానికి దక్కాయి.

ఇలాంటి స్ఫూర్తి మన దేశంలోనూ కనిపించింది. మన ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఉచిత పాఠాల వేదిక ఎన్‌పీటెల్ నేడు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో అందరి నోటా వినిపించే పేరు. మ్యాట్రిక్స్‌లు అర్థం కాక సెమిస్టర్ పరీక్ష ముందు రాత్రి ఫోన్ తెరిచే హాస్టల్ పిల్లలకు ఈ గురువులు చేసే మేలు ఇంతా అంతా కాదు.

ఇక మన వంతు సంగతి. పేరు ప్రస్తావించి, లాభాపేక్ష లేకుండా, అవే షరతులతో పంచుకునేట్టయితే ఎం.ఐ.టీ. పాఠాలను ఎవరైనా అనువదించుకోవచ్చు. స్పానిష్, పోర్చుగీసు, చైనా భాషలవారు ఏనాడో ఆ పని మొదలెట్టారు. మనకు అడ్డున్నది లైసెన్సు కాదు, బద్ధకం. ఓపెన్ కోర్స్‌వేర్ దినదిన ప్రవర్ధమానమై, 2051లో స్వర్ణోత్సవం జరుపుకునే నాటికి స్ట్రాంగ్ గారి బాణాలు మన ఊళ్ల బడుల్లో తెలుగులోనే దూసుకుపోవాలని మనసారా ఆకాంక్షిస్తూ, శుభం భూయాత్!