కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, చరిత్ర పరిశోధనము

మహాపురుషులలో కొందఱు తాము నాటిన చెట్టు ఫలమును తామే అనుభవింతురు. మఱికొందఱు విత్తనములు చల్లి, మొలకలను కనులార చూచి, పంట యింటికి రాకమునుపే వెడలిపోవుదురు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఈ రెండవ కోవకు చెందినవారు. 1877లో జన్మించి 1923లో కీర్తిశేషులైన వారు నలువదియాఱేండ్ల జీవితములో ప్రారంభించిన కార్యములు పెక్కు. వారి చేతిమీదుగా ముగిసినవి కొన్ని మాత్రమే. ఐనను నేడొక తెలుగువాడు తన యూరి చరిత్రమును పుక్కిటి పురాణముగా గాక శిలాశాసనమును చదివి చెప్పవలెనని తలచుచున్నాడనిన, ఆ తలంపు మన దేశమున నాటుకొనుటకు కారకులైనవారిలో వా రగ్రగణ్యులు.

పంతులుగారి జన్మస్థలము కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలు. చిన్ననాటనే తండ్రి గతించెను. బాల్యవిద్య భువనగిరిలో సాగెను. తరువాత అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున నుండి చదువుకొనిరి. ఈ సోదరీసోదరుల బంధము సామాన్యమైనది గాదు. బడికి పోవు నవకాశము లేని యా సోదరి తమ్ముని చదువు ననుసరించి తానును చదువుకొని, స్త్రీల చరిత్రములను సేకరించి అబలాసచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించెను. ఆమె 1905లో ముప్పది యొకటవ యేటనే పరమపదించెను. పంతులుగారు తమ కుమార్తెకు ఆమె పేరే పెట్టుకొనిరి. ఆ కుమార్తెయే తరువాతి కాలమున వైద్యురాలై, 1957లో విజయవాడ నుండి లోకసభ కెన్నికైన కొమర్రాజు అచ్చమాంబగారు.

నాగపుర వాసము పంతులుగారికి మహారాష్ట్ర భాషను, మహారాష్ట్రుల చరిత్రాభిమానమును ప్రసాదించెను. మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతటి పాండిత్యము వారి కబ్బెను. అచ్చటి విద్వాంసులు పాత దస్తావేజులను, కైఫీయతులను, లేఖలను వెదకి వెదకి ప్రకటించుచుండగా, తెలుగువారి కట్టి శ్రమ యేల పట్టలేదను చింత వారి హృదయమున బయలుదేరినది. 1902లో ఎం. ఏ. పట్టమును పొందిన యా యువకుడు గొప్ప సర్కారు కొలువునకు పోవుటకు మాఱు, నాయని వేంకట రంగారావుగారి మునగాల సంస్థానమున దివానుగా నుండెను. ఆ పరగణా బ్రిటిషు వారి కృష్ణా మండలమునకు చెందినదైనను చుట్టును నిజాము రాజ్యమే. నేడది సూర్యాపేట జిల్లాలో నున్నది. రెండు ప్రభుత్వముల నడుమ చీలిన తెలుగువారి దుస్థితి యచ్చట నున్నవానికి ప్రతిదినము కన్నుల కగపడును.

నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగువాడు తన భాషలో చదువుకొనుటకు బడులు తక్కువ, గ్రంథాలయములు మృగ్యము. అట్టి దినములలో 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దాని స్థాపకులలో పంతులుగా రొకరు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెంట వెంటనే నెలకొన్నవి. ఈ పేరులను చూడుడు. రాయలను, రాజరాజనరేంద్రుని తలచుకొనుటచే ఆ స్థాపకులు చదువరికి గ్రంథములతోపాటు పూర్వులనుగూడ జ్ఞప్తికి దెచ్చిరి.

గ్రంథాలయము వెలసినంతమాత్రమున చాలునా? అందుంచుటకు తెలుగున శాస్త్రగ్రంథములు, చరిత్రగ్రంథములు లేవు. ఈ కొఱత తీర్చుటకై 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, రావిచెట్టు రంగారావుగారు వారికి కుడిభుజములై నిలిచిరి. హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రతో నా గ్రంథమాల ప్రారంభమయ్యెను. పంతులుగారు స్వయముగా శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును రచించిరి. 1910లో ఈ మండలియే చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము తొలి భాగమును వెలువరించెను. కార్యస్థానము చెన్నపురికి మాఱినను, చందాదారులు పల్లెపల్లెను ఉండిరి.

పిమ్మట పంతులుగారు తలపెట్టినది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. ఒక ప్రభుత్వమో విశ్వవిద్యాలయమో పూనుకొనవలసిన యా మహాకార్యమును కొలదిమంది పండితుల తోడ్పాటుతో నెత్తికెత్తుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. ఆ మూడును అకారముతోనే సరిపోయినవి! ధనము చాలలేదు, శ్వాసరోగము పీడించెను, పని నిలిచెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930ల దశకమున దానిని పునరుద్ధరింప బూనిరి గాని, 1938లో వారి నిర్యాణముతో నదియు నసంపూర్ణమయ్యెను. దీనిని వైఫల్యమని యెంచువారు కలరు. అట్లెంచుట పొరపాటు. ఆ కార్యాలయమున సహాయకులుగా పనిచేసిన యువకులలో మల్లంపల్లి సోమశేఖరశర్మగా రొకరు. రెడ్డిరాజ్యముల చరిత్రమునకు ప్రమాణగ్రంథమును రచించిన యా పరిశోధకుడు పంతులుగారి సన్నిధిని పాఠము నేర్చినవాడే. గ్రంథము నిలిచిపోయెను, గ్రంథకర్తలు తయారైరి.

1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు చెన్నపురిలో లక్ష్మణరావుగారి గృహముననే కన్నుమూసిరి. నాలుగేండ్లకు, 1923 జూలైలో, లక్ష్మణరావుగారును చెన్నపురియందే ఆ దారిని పోయిరి. అంతకు ముందటి యేడు హైదరాబాదున ఆంధ్ర పరిశోధక మండలి యేర్పడి యుండెను. పంతులుగారి మరణానంతరము సభ్యులు దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరిడిరి. ఆదిరాజు వీరభద్రరావుగారివంటి నిరాడంబరులు దాని భారము వహించిరి. గుఱుతు తెలియని గ్రామములలో దారి విచారించుకొనుచు, పొదలు కొట్టుకొనుచు, శాసనముల ప్రతులు సేకరింపవలసిన పని యది. శిలను కడిగి, తడిపిన కాగితమును పరచి, కుంచెతో కొట్టి అక్షరముల గుంటలలోనికి దింపి, పైని సిరా అద్దినచో అక్షరములు తెల్లగా తేలును. ఇట్లు కూర్చిన శాసనములను తెలంగాణా శాసనములు అను పేర 1935లో నా మండలి ప్రకటించెను. రెండవ భాగము గడియారం రామకృష్ణశర్మగారి సంపాదకత్వమున 1960లో వెలువడెను. నడుమ ఇరువదియైదేండ్లు గడచినను పని చచ్చిపోలేదు.

ఇన్ని రాళ్లను చదివిన ప్రయోజనమేమని యడుగువారికి చందుపట్ల శాసనమే సమాధానము. రుద్రమదేవి 1295 వఱకు పరిపాలించెనని చరిత్రకారులు చాలకాలము వ్రాయుచుండిరి. నల్లగొండ సీమలోని చందుపట్ల యను పల్లెలో నొక శిల దొరకెను. రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయనికిని పుణ్యము కలుగవలెనని పువ్వుల ముమ్మడి యను భటుడు చేసిన దానమును, 1289 నవంబరునకు సరియగు తిథిని ఆ శిల తెలుపుచున్నది. ఒక సామాన్య భటుని కృతజ్ఞత ఒక మహారాజ్ఞి మరణకాలమును నిర్ణయించెను. ఆ ఱాయి గుడిమెట్టుగానో, ఇంటి పునాదిగానో, కంకరగానో మాఱియుండినచో ఆరేండ్ల చరిత్రము అసత్యముగనే నిలిచియుండెడిది గదా!

అట్టి శిల లింకెన్ని మన చెఱువుగట్ల మీద, పొలముల గనిమల మీద, పాడుపడిన గుడుల ముంగిట నున్నవో యెవ్వరెఱుగుదురు? జీర్ణోద్ధరణ మను పేర గోడలకు సున్నము, సిమెంటు పూయునపుడు అక్షరములు మాయుచున్నవి. రహదారి వెడల్పు చేయునపుడు నిలువుశాసనములు మట్టిలో గలియుచున్నవి. అటుకమీది తాళపత్రములు చెదల పాలగుచున్నవి. వీనికి కర్త లెవరో పరదేశీయులు గారు, మనమే. భూస్వాములు తమ పొలములోని శిలను కదల్పకుండ నుంచి పరిశోధకునకు కబురంపిన చాలును. పట్టణవాసులు తమ గ్రంథాలయమున నొక బీరువాను స్థలచరిత్రకై ప్రత్యేకించిన చాలును. ఇందుకు గొప్ప ధనము గాని, గొప్ప పాండిత్యము గాని అక్కఱలేదు.

లక్ష్మణరావు పంతులుగారు కోటలు గట్టలేదు, సంపద కూడబెట్టలేదు. వారు పూనిన సర్వస్వము అకారము దాటలేదు. తక్కిన యక్షరములను వ్రాయుట తరువాతివారి వంతు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నూఱేండ్లు దాటి నేటికిని హైదరాబాదున నిలిచియున్నది. దాని తలుపు తెఱచి లోనికి పోవు ప్రతి పాఠకుడును, తన యూరి శాసనమును తుడిచి చదువు ప్రతి యువకుడును వారి ఋణమును కొంత తీర్చుచున్నవాడే. ఏటేట జయంతినాడు పటమునకు పూలమాల వేయుటకన్న, ఒక్క శిలను కాపాడుట వారి యాత్మకు ప్రియతర మగును.