పిడేలు లేని లోటు తీర్చిన బొటనవేలు

మేబెల్ కార్టర్ పాత రికార్డు మొదటిసారి విన్నప్పుడు అందులో గిటార్లు రెండున్నాయనుకున్నాను. ఒకటి పాట వరస పలుకుతోంది, రెండోది వెనకాల తాళం కొడుతోంది. వాయించేది ఒక్క మనిషేనని తర్వాత తెలిసింది. 1928 మే నెలలో తీసిన రికార్డు అది. అప్పటికి ఆవిడకి నిండా పందొమ్మిదేళ్ళు. ఇంట్లో ఎనిమిది నెలల పసిపిల్ల.

మేబెల్ 1909 మే 10న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, అపలేచియన్ కొండల మధ్య కాపర్ క్రీక్ అనే చోట పుట్టింది. ఆ కొండల్లో నలుగురూ చేరి నాట్యం చేయాలంటే పిడేలు ఉండాల్సిందే. మన కచేరీల్లో చూసే వయొలినే అది, వాయించే తీరే వేరు. బాణీ అంతా పిడేలుది, మిగతా వాద్యాలు దాని వెనక నడిచేవి. ఆ పిడేలు ఎక్కువగా మగవాళ్ళ చేతుల్లో ఉండేది. ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఒళ్ళోకి చిన్న వాద్యాలు చేరేవి. మూడు నాలుగు తీగలుండే డల్సిమర్ ఒకటి. దానిమీద పిడేలు బాణీలు మీటుకోవచ్చు. ఇంకొకటి ఆటోహార్ప్. ముప్పై పైచిలుకు తీగలున్న పెట్టె అది, పైన వరసగా మీటలుంటాయి. ఒక మీట నొక్కితే అక్కర్లేని తీగలు అణిగిపోయి, మిగిలినవి కలిసి ఒక్కసారిగా మోగుతాయి. మనకి శ్రుతిపెట్టె ఎలాగో, పాడేవాళ్ళకి అది అలాంటి ఆసరా. దానితో బాణీ పలికించాలన్న ఆలోచన అప్పట్లో పెద్దగా ఎవరికీ లేదు.

మేబెల్‌కి చిన్నప్పుడే ఆటోహార్ప్, బాంజో పట్టుబడ్డాయి. తర్వాత గిటార్ చేతికొచ్చింది. 1926లో, పదహారో ఏట, ఎజ్రా కార్టర్‌తో పెళ్ళయింది. ఎజ్రా అన్నగారు ఎ.పి. కార్టర్. ఆయన భార్య సేరా మేబెల్‌కి దగ్గరి చుట్టం, అక్క వరస. అలా అక్కాచెల్లెళ్ళ వరసవాళ్ళు తోడికోడళ్ళయ్యారు.

1927 జులైలో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన బ్రిస్టల్ పట్టణానికొచ్చి, కొండల్లో పాడేవాళ్ళ పాటలు రికార్డు చేస్తానన్నాడు. పాటకి యాభై డాలర్లు. ఎ.పి. తమ్ముడి కారు తీసుకుని ఆడవాళ్ళిద్దర్నీ బయల్దేరదీశాడు. పాతిక మైళ్ళ పైచిలుకు దారి, అంతా గతుకులే. సేరా వెంట చంటిపిల్లాడు, వాణ్ణి ఎత్తుకోవడానికి ఎనిమిదేళ్ళ కూతురు. మేబెల్‌కేమో ఎనిమిదో నెల! మన పెద్దవాళ్ళయితే గుమ్మం దాటనిచ్చేవారా? ఆగస్టు 1న నాలుగు పాటలు, మర్నాడు రెండు పాడి ఇంటికి తిరిగొచ్చేశారు. సెప్టెంబరు 12న పెద్దకూతురు హెలెన్ పుట్టింది.

ఈ ముగ్గురి బృందంలో పిడేలు లేదు. సేరా ప్రధానంగా పాడేది, ఆటోహార్ప్ వాయించేది. ఎ.పి. మనసైనప్పుడు గొంతు కలిపేవాడు. మరి బాణీ పలికేదెవరు? ఆ పని మేబెల్ గిటార్ మీద పడింది. అప్పటిదాకా ఆ కొండ పాటల్లో గిటార్ అంటే ఎక్కువగా వెనక తాళానికే. ఈవిడ బొటనవేలితో మందర తీగల మీద పాట వరస మీటుతూ, చూపుడువేలితో పై తీగలమీద తాళం గీకేది. పిడేలు చేసే పని బొటనవేలు చేసింది. ఆ పద్ధతికి కార్టర్ పేరే స్థిరపడింది. తర్వాత ఎన్నో తరాల గిటారిస్టులు మొట్టమొదట నేర్చుకున్న పాఠం అదే.

అంతా ఆవిడ సొంతమేనని చెప్పను. ఎ.పి. పాటలు సేకరించడానికి ఊళ్ళు తిరుగుతున్నప్పుడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు తోడు వెళ్ళేవాడు. ఆయన వాయిస్తుంటే వేళ్ళు చూసి మేబెల్ చాలా నేర్చుకుంది. ఆయన పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. మేబెల్ విషయంలోనూ కొంత అలాగే జరిగింది. రికార్డుల మీద పాటలకి కర్తగా ఎక్కువగా బావగారి పేరే పడేది. విన్నవాళ్ళ చెవిలో నిలిచింది మాత్రం ఈవిడ వేళ్ళే.

1928లో ఆవిడ గిబ్సన్ ఎల్-5 గిటార్ కొంది. ఖరీదు 275 డాలర్లు. అయిదారు పాటలు పాడితే వచ్చే డబ్బంతా ఒక్క వాద్యానికి! ఇంకెవరైనా ఆ డబ్బుతో ఏం కొనేవారో గాని, ఆవిడ మాత్రం జీవితాంతం ఆ గిటారే వాయించింది.

ఎ.పి., సేరా విడిపోయారు. విడాకులయ్యాక కూడా కొన్నేళ్ళు ముగ్గురూ కలిసి పాడారు, మెక్సికో సరిహద్దు రేడియోలోనూ పాడారు. 1943లో బృందం చెదిరిపోయింది. మేబెల్ ఊరుకోలేదు. కూతుళ్ళు హెలెన్, జూన్, అనితలను వెంటబెట్టుకుని ఊరూరా, రేడియో స్టేషన్ వెంట రేడియో స్టేషన్ తిరిగింది. 1950లో నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీకి చేరారు. వీళ్ళతో గిటార్ వాయించడానికి చెట్ అట్కిన్స్ అనే చేయితిరిగిన యువకుడు వచ్చాడు.

అప్పుడు ఆవిడ చిన్ననాటి ఆటోహార్ప్‌ని మళ్ళీ బయటికి తీసింది. నాకు ఆవిడ జీవితంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. అందరూ ఒళ్ళోనో బల్లమీదో పెట్టుకు వాయించే ఆ పెట్టెను ఎత్తి గుండెకి ఆనించుకుంది. అలా పట్టుకుంటే చేయి మీటల అవతలకి, తీగలు స్వేచ్ఛగా మోగే చోటికి అందుతుంది. మైకుకీ దగ్గరవుతుంది. వేళ్ళకి తొడుగులు తొడుక్కుని, మీట నొక్కిన మరుక్షణమే కావలసిన ఒక్క తీగని ఏరి మీటేది. వెనక ఆసరాకే తప్ప పనికిరాదనుకున్న పెట్టెమీద పిడేలు బాణీలు పరుగులు తీశాయి. ఈరోజు ఆటోహార్ప్ వాయించేవాళ్ళలో చాలామంది దాన్ని గుండెకి హత్తుకునే పట్టుకుంటారు.

ఇంత చేసినా, 1950ల చివరికి రాక్ అండ్ రోల్ జోరులో కార్టర్ల పాటలకి గిరాకీ పడిపోయింది. కచేరీలు తగ్గాయి. అప్పుడావిడ నాష్‌విల్‌లో రోగుల దగ్గర నర్సుపనికి వెళ్ళింది. వయసు యాభై. పక్కనే కూర్చుని మందులిచ్చి దుప్పటి కప్పే ఆవిడ ఎవరో ఆ రోగుల్లో ఎందరికి తెలుసో! ఆప్రీలో వాయించడం మాత్రం మానలేదు. నాకయితే ఇది దైన్యంగా అనిపించదు. అలాగని కోపం రాకుండానూ పోదు. దేశమంతా ఆవిడ వేళ్ళ తీరు నేర్చుకున్నాక కూడా, ఆ వేళ్ళు ఇల్లు గడవడానికి వేరే పని వెతుక్కోవలసి వచ్చింది.

కాలం మళ్ళీ తిరిగింది. జానపద సంగీతం మీద మోజు పెరిగిన కాలేజీ పిల్లలు పాత రికార్డులు వెతుక్కుంటూ వచ్చారు. 1963లో న్యూపోర్ట్ ఉత్సవంలో ఆవిడని వేదికెక్కించారు. 1968లో కూతురు జూన్ గాయకుడు జానీ క్యాష్‌ని పెళ్ళాడింది. అంతకు ముందు మాదకద్రవ్యాల నుంచి అతన్ని బయటపడేసేందుకు కాపలా కాసిన వాళ్ళలో మేబెల్ దంపతులున్నారు. నర్సుపని వృథా పోలేదన్నమాట! 1970లో కార్టర్ కుటుంబానికి కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దొరికింది. 1971లో జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళ బృందం ఒకటి, నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్, పాతతరం వాళ్ళందర్నీ పోగుచేసి రికార్డింగు పెడితే అందులో ఆవిడ పాడింది, గిటారూ ఆటోహార్పూ వాయించింది. మరుసటి ఏడు మూడు ఎల్పీలుగా వచ్చిన ఆ రికార్డు చాలా ఇళ్ళకి చేరింది.

తర్వాత కీళ్ళనొప్పులు ఆ వేళ్ళని పట్టుకున్నాయి. 1975లో ఎజ్రా పోయాడు. 1978 అక్టోబరు 23న మేబెల్ పోయింది. ఆయన పక్కనే సమాధి చేశారు. 275 డాలర్ల గిటార్ నాష్‌విల్ మ్యూజియంకి చేరింది. తోడికోడలు సేరా కూడా మూడు నెలలు తిరక్కుండానే, 1979 జనవరిలో కన్నుమూసింది.