ఇసుక మీద ఆనకట్ట నిలిపిన కాటన్ దొర

గోదావరి డెల్టాలో నేడు దాదాపు 10 లక్షల ఎకరాలకు కాలువల ద్వారా నీరందుతోంది. కాటన్ దొర పేరు వినని ఊరు ఈ ప్రాంతంలో లేదు. ఊరి కూడళ్లలో ఆయన విగ్రహాలున్నాయి. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన పేరు కూడా చెప్పే పురోహితులున్నారు. అయితే ఒక మనిషి తలలో పుట్టిన ఊహ ఎన్ని మెట్లు దాటి రాతికట్టుగా మారిందో తెలిసినవారు తక్కువ.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పెద్ద కుటుంబం, పదిమంది పైగా అన్నదమ్ములు. ఈస్టిండియా కంపెనీ వారి సైనిక విద్యాలయంలో చదువుకుని, మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశానికి వచ్చారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు.

కావేరి నేర్పిన పాఠం

కాటన్‌కు గురువు దొరికింది కావేరి ఒడ్డున. అక్కడ చోళ రాజుల కాలంనాటి కల్లణై అనే పాత ఆనకట్ట ఉంది. లోతుగా తవ్వినా రాయి తగలని ఇసుక నేల అది. అటువంటి చోట అంత కట్టడం శతాబ్దాల తరబడి ఎలా నిలిచింది? కాటన్ దాన్ని శ్రద్ధగా పరిశీలించారు. ఇసుకలో పెద్ద రాళ్లు వేస్తే అవి కొంత లోతుకు దిగుతాయి. వాటిపై మళ్లీ రాళ్లు వేస్తే అవీ దిగుతాయి. ఇక దిగకుండా కుదురుకునే దాకా వేస్తూ పోతే గట్టి పునాది తయారవుతుంది. మన పాతకాలపు పనివాళ్ల ఒడుపు ఇదే. ఈ పాఠంతోనే ఆయన కావేరి పాయ అయిన కొల్లడం నది మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు కట్టించారు. 1836 నాటికి అవి పూర్తయి, ఎండిపోతున్న తంజావూరు పొలాలకు నీరందింది.

ఆ శ్రమతో ఆరోగ్యం దెబ్బతినగా కాటన్ సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతానికి వెళ్లారు. 1841లో ఎలిజబెత్ లెర్‌మంత్‌ను పెళ్లాడారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో కొంతకాలం పనిచేసి, అక్కడినుంచి గోదావరి తీరానికి చేరుకున్నారు.

నది పక్కనే ఆకలి

అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి తలచుకుంటేనే గుండె చెదురుతుంది. 1832-33లో నందన కరువు వచ్చింది. 1839లో తుఫాను కోరంగి తీరాన్ని ముంచింది. తిండి లేక కొందరు చనిపోతే, బతికినవారిలో చాలామంది ఊళ్లు వదిలిపోయారు. 1821లో ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలు ఉన్న జనాభా 1841కి ఐదు లక్షల అరవై ఒక్క వేలకు పడిపోయింది. గోదావరి మాత్రం ఏటా నిండుగా ప్రవహించి సముద్రంలో కలుస్తూనే ఉంది. వరద వస్తే పొలం మునక, వరద పోతే పొలం ఎండుడు. ఇదీ రైతు బతుకు.

కాటన్ గుర్రంపై, కాలినడకన ఈ ప్రాంతమంతా తిరిగారు. డెల్టాలో ఏటి గట్టు వెంట నేల ఎత్తుగా ఉండి, అక్కడినుంచి సముద్రం వైపు వాలుగా పోతుంది. డెల్టా మొదట్లో నీటిమట్టాన్ని కొద్దిగా పైకెత్తి కాలువల్లోకి మళ్లిస్తే చాలు, ఏతం వేయనక్కరలేకుండా నీరు తనంతట తానే పొలాలకు నడుస్తుంది. ఆయన ఊహకు ఇదే ఆధారం.

కాగితం మీద గోదావరి

ఊహ ఎంత గొప్పదైనా కంపెనీ వారు డబ్బివ్వాలంటే లెక్క కావాలి. 1844లో, 1845లో కాటన్ నివేదికలు పంపారు. నీరు పారితే పంట ఎంత పెరుగుతుందో, శిస్తు ఎంత వస్తుందో, కాలువల్లో పడవలు నడిస్తే ధాన్యం రవాణా ఎంత చౌక అవుతుందో అందులో వివరించారు. ఆనకట్ట ఖర్చు నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల రూపాయలని అంచనా వేశారు. 1846లో కంపెనీ పెద్దలు అనుమతించారు.

కట్టడానికి ఆయన ఎంచుకున్న చోటు చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. నది ఇరుకుగా ఉన్న చోటు వదిలి, బాగా వెడల్పయిన ధవళేశ్వరాన్ని ఎన్నుకున్నారు. అక్కడ లంకలతో కలిపి నది వెడల్పు దాదాపు నాలుగు మైళ్లు. వెడల్పు ఎక్కువైన చోట వరద పలచగా పరుచుకుని పోతుంది, గోడ మీద తాకిడి తగ్గుతుంది. పైగా లంకలు నదిని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయలుగా చీల్చాయి. అందువల్ల కట్టవలసిన గోడ రెండుంపావు మైళ్లకు తగ్గింది. రాయి కోసం ఒడ్డునే ధవళేశ్వరం కొండ ఉంది.

గోడ ఎత్తు పన్నెండడుగులే. వరదను ఆపాలని ఆయన తలపెట్టలేదు. వరద గోడ మీదుగా పొర్లిపోవాలి, మిగతా రోజుల్లో నీరు నిలిచి కాలువల్లోకి వెళ్లాలి. ఇసుకలో ఆరడుగుల లోతున బావుల వంటి కట్టడాలు దించి, వాటిపై గోడ లేపి, దిగువన రాళ్లు దట్టంగా పేర్చాలి. కావేరి పాఠం ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఐదేళ్ల శ్రమ

1847లో పని మొదలైంది. కాటన్ ఆరుగురు ఇంజనీర్లను అడిగితే, దొరికిన సిబ్బందిలో ఎక్కువమంది ఇంకా పని నేర్చుకోవలసిన కుర్రవాళ్లు. వారికి నేర్పుతూనే పని నడిపించారు. కొండ నుంచి ఏటి దాకా పట్టాలు వేసి బండ్లపై రాళ్లు తరలించారు. పనిముట్ల కోసం ధవళేశ్వరంలో కర్మాగారాలు వెలిశాయి. వరద కాలం రాకముందే ఆ ఏటి పని ఒక కొలిక్కి తేవాలి, లేకుంటే చేసినది కొట్టుకుపోతుంది. వేలాదిమంది కూలీలను సమకూర్చి నడిపించిన తెలుగువాడు వీణెం వీరన్న. ఆయన సేవకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. వీరన్న లేకుంటే ఆ పని సాగేది కాదని కాటనే ఒప్పుకున్నారు.

పని జోరుగా ఉండగా 1848లో కాటన్ జబ్బుపడ్డారు. వైద్యం కోసం ఆస్ట్రేలియా వెళ్లక తప్పలేదు. కలగన్న మనిషి దూరమైతే కల ఏమవుతుంది? ఇక్కడే ఆయన చేసిన ఏర్పాటు నిలబడింది. పటాలున్నాయి, కొలతలున్నాయి, పని తెలిసిన మనుషులున్నారు. కెప్టెన్ ఆర్ బాధ్యత తీసుకుని పని ఆగకుండా చూశారు. 1850లో కాటన్ తిరిగివచ్చారు. ఖర్చు అంచనాను దాటిపోయినా, 1852లో ఆనకట్ట పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరందించే దారి ఏర్పడింది.

కాటన్ దగ్గర పని నేర్చిన హేగ్ అనే యువ ఇంజనీరు కోనసీమలో గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా 49 ఖానాల అక్విడక్టు కట్టి అవతలి భూములకు నీరు దాటించారు. అక్కడ 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కెప్టెన్ ఆర్ బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్టను 1855లో ముగించారు.

నెరవేరనివి

కాటన్ తలపెట్టినవన్నీ ఫలించలేదు. ఎగువ గోదావరిలో పడవల రవాణా ప్రయత్నం మధ్యలో ఆగిపోయింది. తుంగభద్ర నీటిని నెల్లూరు దాకా తీసుకుపోవాలన్న కాలువ కడప దగ్గరే ఆగింది. కట్టిన కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. అదే నేటి కె.సి. కాలువ. రైళ్లకంటే కాలువలే ఈ దేశానికి మేలని ఆయన వాదించగా, 1878లో పార్లమెంటు సంఘం ముందు గట్టి విమర్శలు ఎదుర్కొన్నారు. అయినా తన మాట మార్చుకోలేదు.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్ చివరి రోజులు ఇంగ్లండులో డోర్కింగ్‌లో గడిపారు. ముసలితనంలోనూ చిన్న చెక్కలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. 1899 జులై 24న 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పాత ఆనకట్ట నూరేళ్లకు పైగా వరదలను తట్టుకుంది. 1970లో మొదలుపెట్టి ప్రభుత్వం కట్టిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టింది. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆనాటి నమూనాలు, పనిముట్లు చూడవచ్చు. బడి పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్తే, తమ పొలానికి వచ్చే నీటి వెనక ఎంత ఆలోచన, ఎంతమంది చెమట ఉన్నాయో వారికి తెలుస్తుంది.