రహీం మాస్టారు - ఉమ్మడి మైదానం

మన విశాఖపట్నంలో క్రికెట్ మాట ఎత్తితే 2005 ఏప్రిల్ 5న పి.ఎం.పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ కొట్టిన 148 పరుగుల గురించి ఎవరైనా చెబుతారు. ఫుట్‌బాల్ మాట ఎత్తితే మాత్రం బ్రెజిల్, అర్జెంటీనా పేర్లే వినిపిస్తాయి. భారత జట్టు ఒకప్పుడు ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిందనీ, రెండుసార్లు ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిందనీ, ఆ జట్టును తీర్చిదిద్దింది హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులనీ చెబితే మా హాస్టల్లో నమ్మినవాళ్ళు తక్కువ. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చాక కొందరికి తెలిసింది. సినిమా సంగతి అలా ఉంచుదాం. మేము ఆయన జీవితాన్ని ఒక ప్రశ్న మనసులో పెట్టుకొని చదివాము. ఒకరితో ఒకరు పోటీపడే జట్లు ఒకే మైదానాన్ని పంచుకొని బతకగలవా?

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో నుంచి రాలేదు. మా వసతి గృహానికి సొంత ఆటస్థలం లేదు. బడి నుంచి వచ్చాక స్టడీ అవర్ గంట కొట్టేలోపు దగ్గరలోని బయలులో ఆడుకుంటాము. అదే వేళకు అదే చోట ఇంకో హాస్టల్ జట్టు కూడా ఆడుతుంది. ఈ ఏడాది ఇరుపక్షాలకూ మాటా మాటా పెరిగి, మధ్యలో సున్నంతో గీత గీసుకొని చెరిసగం చేసుకుందాం అనేదాకా వచ్చింది. మాలో కొందరం సరే అన్నాము, కొందరం వద్దన్నాము. ఆ వాదన నడుస్తున్న రోజుల్లోనే రహీం గారి కథ మా చేతికి వచ్చింది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులయ్యారు. చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. తరువాత ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. పెద్ద ఆటగాడిగా పేరు గడించి శిక్షకుడైన మనిషి కాదాయన. పిల్లలకు పాఠం చెప్పడం తెలిసి, ఆ విద్యను మైదానంలోకి తెచ్చిన మనిషి. అందుకే ఆటగాళ్ళు ఆయనను రహీం సాబ్ అని పిలిచినా, మేము మాస్టారు అనే పిలుచుకుంటున్నాము.

1940ల తొలినాళ్ళలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఈ రెండు బాధ్యతలనూ చివరిదాకా మోశారు. ఇక్కడ మేము కాస్త ఆగి ఆలోచించాము. అసోసియేషన్ అంటే ఊళ్ళోని అన్ని క్లబ్బులకూ పెద్ద దిక్కు. ఏ జట్టు ఏ రోజు ఎక్కడ ఆడాలో, ఎవరి ఫిర్యాదు వినాలో చూసేది అదే. అటువంటి సంస్థకు కార్యదర్శిగా ఉంటూ, అందులో ఒక జట్టుకు శిక్షకుడిగా కూడా ఉండటం తేలికైన పని కాదు. నేటి లెక్కన చూస్తే సందేహించవలసిన ఏర్పాటే. మా హాస్టల్ కెప్టెన్‌నే మైదానం వేళలు నిర్ణయించమంటే పక్క హాస్టల్ వాళ్ళు ఒప్పుకుంటారా? అయినా ఆయన ఆ కుర్చీలో రెండు దశాబ్దాలు ఉన్నారంటే ఎదుటి క్లబ్బులకు కూడా ఆయన మీద నమ్మకం ఉండి ఉండాలని మా అభిప్రాయం.

ఆయన శిక్షణ పద్ధతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఫుట్‌బాల్ మైదానం సుమారు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత స్థలం అందరికీ ఎప్పుడూ దొరకదు. రహీం గారు కొద్దిమందితో చిన్న స్థలంలో ఆటలు ఆడించేవారు. పిల్లలకు వింత నియమాలతో పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలితో నడిపించుకుంటూ పోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. మనలో చాలామంది కుడికాలి వాటం వాళ్ళం కాబట్టి ఎడమకాలితోనే ఆడాలన్నమాట. మేము దీనిని ఒక శనివారం ప్రయత్నించాము. పది నిమిషాల్లో అందరమూ నవ్వుకుంటూ కూలబడ్డాము. బంతి ఒక్కడి దగ్గర ఉండిపోవడం మాత్రం ఆ రోజు నిజంగానే తగ్గింది.

ఫలితాలు త్వరలోనే కనిపించాయి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 ఏళ్ళు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌తో తలపడింది. మొదటి ఆట 2-2తో సమానమైంది. మళ్ళీ ఆడించినప్పుడు మన వాళ్ళు 1-0తో గెలిచారు. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజుల్లో దక్కను నుంచి వచ్చిన పోలీసు జట్టు ఇలా గెలవడం చిన్న విషయం కాదు. హైదరాబాదు రాష్ట్ర జట్టు కూడా 1956-57లోనూ, ఆ మరుసటి ఏడాదీ సంతోష్ ట్రోఫీ గెలిచింది.

కలకత్తా గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. మా ప్రశ్నకు అసలు జవాబు అక్కడే దొరికింది. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ బద్ధ ప్రత్యర్థులు. మోహన్ బగాన్‌ను మొదటి నుంచీ ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళు, ఈస్ట్ బెంగాల్‌ను తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు అభిమానించేవారు. దేశ విభజన తరువాత ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన లక్షల మందికి ఆ క్లబ్బే సొంత ఊరు. వీళ్ళు గెలిస్తే బజారులో రొయ్యలకు, వాళ్ళు గెలిస్తే ఇలిష్ చేపకు, అంటే మన గోదావరి పులసకు, గిరాకీ అని అక్కడ చెప్పుకుంటారు. ఇంత పంతం ఉన్న ఈ రెండు క్లబ్బులూ 1920ల నుంచి 1960ల తొలినాళ్ళ వరకు ఒకే మైదానాన్ని పంచుకున్నాయి!

ఎలా సాధ్యమైందంటే మాకు రెండు కారణాలు కనిపించాయి. కలకత్తా మైదాన్ అనే ఆ పెద్ద బయలు సైన్యం ఆధీనంలోనిది. క్లబ్బులకు గుడారాలు, గ్యాలరీలు ఉన్నా నేల మాత్రం ఎవరికీ సొంతం కాదు. సొంతం కానప్పుడు గోడ కట్టే హక్కు కూడా ఎవరికీ ఉండదు. ఇక రెండోది, మైదానాన్ని నేలగా కాక రోజులుగా పంచుకోవడం. నేలను చెరిసగం చేస్తే ఎవరికీ ఆట ఉండదు. రోజులను పంచుకుంటే ఇద్దరికీ మొత్తం మైదానం దక్కుతుంది. ఇటలీలోని మిలాన్ నగరంలో కూడా ఇలాగే జరిగింది. 1926లో ఏ.సి.మిలాన్ జట్టు కోసం కట్టిన సాన్ సిరో స్టేడియంలోకి 1947లో దాని ప్రత్యర్థి ఇంటర్ కూడా వచ్చింది. 1980లో ఆ స్టేడియానికి రెండు జట్లకూ ఆడిన జుసెప్పె మెయాజ్జా పేరు పెట్టారు. పంచుకోవడం అన్నిచోట్లా కలకాలం నిలుస్తుందని మేము అనడం లేదు. 1960లలో మోహన్ బగాన్ వేరే మైదానానికి వెళ్ళిపోయింది. కానీ 1984లో సాల్ట్ లేక్ స్టేడియం వచ్చాక ఆ రెండు జట్ల పెద్ద ఆటలు మళ్ళీ ఒకే గూటికి చేరాయి.

ఇది చదివాక మా వాదన కొంత మారింది. సున్నపు గీత ఆలోచన పక్కన పెట్టి, సోమ, బుధ, శుక్రవారాలు వాళ్ళకు, మంగళ, గురువారాలు మాకు, శనివారం కలగలిపి రెండు జట్లు అని పక్క హాస్టల్ వాళ్ళకు కబురు చేశాము. వాళ్ళకు ఒక రోజు ఎక్కువ ఎందుకు ఇవ్వాలని మాలోనే ఇంకా గొణుగుడు ఉంది. వాళ్ళ సంఖ్య ఎక్కువ కాబట్టి అని మా జవాబు.

మళ్ళీ రహీం గారి దగ్గరకు వద్దాం. భారత జట్టు శిక్షకుడిగా ఆయనకు ఎదురైన సమస్య కూడా ఇదే. ఏడాది పొడవునా ఒకరి మీద ఒకరు కాలు దువ్వే క్లబ్బుల ఆటగాళ్ళను తెచ్చి ఒకే చొక్కా తొడిగించాలి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మేవాలాల్ గోలు కొట్టారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. ఆ చలిలో మన వాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ ఓటమి తరువాతనే దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. గెలుపులే చెప్పుకొని ఈ 10 గోళ్ళ సంగతి దాచడం మాకు ఇష్టం లేదు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం కథ మా పిల్లలందరికీ నచ్చింది. పేద కుటుంబం. ఊళ్ళో జరిగే ఆటల్లో రహీం గారి కంట పడ్డాడు. సాధనకు రమ్మంటే, రోజూ అంతదూరం రావడానికి డబ్బులు లేవన్నాడు. అద్దె సైకిలుకు రహీం గారే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. అదే 1956లో బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. మరుసటి ఏడాది ఈస్ట్ బెంగాల్‌లో చేరి గొప్ప పేరు తెచ్చుకున్నారు. బస్సు పాసు ఆలస్యమైతే బడికి నడిచి వెళ్ళే మాకు ఆ అద్దె సైకిలు విలువ ఎవరూ వివరించనక్కర్లేదు.

1956 డిసెంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడి సరిగ్గా నెల రోజులకు, మెల్‌బోర్న్‌లో భారత్ ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోళ్ళు కొట్టారు. అలా ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే అయింది. తరువాత యుగోస్లావియాతో 4-1, బల్గేరియాతో 3-0 తేడాతో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాంతో పాటు అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళు ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీతో 2-1 తేడాతో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1గా ఆడి, పెరూతో ఓడి వెనుదిరిగారు.

ఇక 1962 జకార్తా. అప్పటికే రహీం గారి ఆరోగ్యం బాగా దెబ్బతింది. జట్టులో చూస్తే చునీ గోస్వామి, జర్నైల్ సింగ్ మోహన్ బగాన్ వాళ్ళు. బలరాం, అరుణ్ ఘోష్, రాం బహదూర్ ఈస్ట్ బెంగాల్ వాళ్ళు. పి.కె.బెనర్జీ తూర్పు రైల్వే. యూసుఫ్ ఖాన్ హైదరాబాదు. లీగులో ఒకరి కాళ్ళకు ఒకరు అడ్డం పడినవాళ్ళే వీళ్ళంతా. మొదటి ఆటలోనే దక్షిణ కొరియాతో 2-0 తేడాతో ఓడిపోయారు. తరువాత థాయిలాండ్‌ను, జపాన్‌ను ఓడించారు. రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అటువంటి వాడిని రహీం గారు సెమీఫైనల్‌కు ముందు వరుసలోకి పంపారు. కట్టుతోనే ఆడిన జర్నైల్ గోలు కొట్టారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచి ఫైనల్ చేరారు.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి ఒకరు ప్రశ్నించినందుకు ఇండొనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. లక్ష మంది పట్టే స్టేడియంలో మన జట్టుకు వినిపించింది ఎక్కువగా ఈలలూ కేకలే. ముందు రాత్రి రహీం గారు ఆటగాళ్ళను కూర్చోబెట్టి, తనకు కానుకగా రేపు బంగారు పతకం ఇమ్మని అడిగారట. ఆట మొదలైన 20 నిమిషాలలోపే పి.కె.బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. చివర్లో కొరియా ఒక గోలు తిరిగి ఇచ్చినా 2-1తో పతకం మనదే. ఆ హోరులో భారత జట్టును ఉత్సాహపరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉందని ఆ ఆటగాళ్ళు చాలా ఏళ్ళు చెప్పుకునేవారు. అంతకుముందే హాకీ ఫైనల్లో మనల్ని ఓడించినవాళ్ళు వాళ్ళే! మాకు ఈ కథలో పతకం కన్నా ఈ ముచ్చటే ఎక్కువ నచ్చింది.

ఆ 1962 రోవర్స్ కప్పు ఫైనల్లో, అప్పటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడుతున్న రహీం గారి జట్టుకూ ఈస్ట్ బెంగాల్‌కూ మధ్య విజేత తేలలేదు. కప్పును ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చారు.

రహీం గారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. హైదరాబాద్ అసోసియేషన్ కార్యదర్శి పదవిలో ఉండగానే వెళ్ళిపోయారు. ఆయన కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నవారే. రహీం గారు పోయాక, 1965-66లో, కొల్లాంలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌తో మొదట సమానంగా ఆడి, మళ్ళీ ఆడించినప్పుడు 1-0తో గెలిచింది.